సూర్యుడొచ్చాడని ఆపేసిన మాత్ర

ఈ తప్పు మీది. ఫోనులోనే మందుచీటీ పొడిగించి చేతులు దులుపుకునే డాక్టర్లది. ఐస్‌లాండ్ పడమటి కొసనున్న ఈ రేవుకు నెలకో కొత్త డాక్టరు మొహాన్ని పంపే పెద్దలది. దిగులు మాత్ర ఎలా మొదలుపెట్టాలో చెప్పారు. ఎలా ఆపాలో ఒక్కరూ చెప్పలేదు.

చలికాలమంతా కొండ చాటునున్న సూర్యుడు జనవరి చివర మళ్లీ వీధిలోకి తొంగిచూసిన రోజున ఈ ఊళ్లో పల్చటి తీపి అట్లు పోసుకుని కాఫీ తాగుతారు. దిగులు మాత్రలు వేసుకునేవాళ్లు ఆ రోజుతో వాటినీ చాలిస్తారు. అంతకుముందు చలికాలం నుంచి మానకుండా మింగుతున్న కోల్బెయిన్ కూడా అదే చేశాడు. ఎండొచ్చాక ఇంకా ఇవెందుకు, చేపలకు వేస్తానన్నాడు. భార్య హల్బెరా నవ్వి ఇంకో అట్టు వడ్డించింది.

వారం తిరక్కముందే అతని కాళ్లకింద నేల ఊగసాగింది. తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టయ్యేది. నిద్రలో అరిచేవాడు. సముద్రం మీద బతికినవాడికి గట్టు మీద కూడా అలలు ఊగడం మామూలేనని, పడవెక్కితే అదే సర్దుకుంటుందని రేవులో వాళ్లు ఆటపట్టించారు. అతను చేతి గడియారం తీసి బల్లమీద పెట్టి, ఒక్కడే చిన్న పడవలో వెళ్లిపోయాడు.

పడవెక్కేటప్పుడు ఎన్నడూ తీయని ఆ గడియారం బల్లమీద కనబడగానే, అతను తిరిగి రాడేమోనని హల్బెరాకు అనుమానమొచ్చింది. కొత్త డాక్టరు స్టెయినార్‌ను రేవు రేడియో గదికి లాక్కొచ్చింది. మెదడు కణాలు సెరటోనిన్ అనే పదార్థాన్ని వదిలి మళ్లీ లోపలికి లాక్కుంటాయని, ఆ లాగుడును మాత్ర అడ్డుకుంటుందని, గుణం తెలియడానికే వారాలు పడుతుందని అతను చెప్పాడు. అలవాటుపడ్డ మెదడుకు ఒక్కసారిగా మందు ఆపితే ఇలాగే తల్లడిల్లుతుందట. కొందరికి బతకాలన్న ఆశే చెదిరిపోతుందట. మెల్లగా తగ్గించుకుంటూ రావాలట.

"ఈ ముక్క ఆయనకెవరు చెప్పారు?"

"ఆ చీటీ నేను రాసింది కాదు."

"నీ ముందువాడూ ఇదే మాటన్నాడు బాబూ."

రేడియో గరగరలాడింది. కోల్బెయిన్ గొంతు. "ఇంజను ఆపేశాను, హల్బెరా. ఇక్కడ నిమ్మళంగా ఉంది."

బయట అలలు గట్టును బాదుతున్నాయి. అతని కోసం రక్షణ పడవ అప్పుడే బయల్దేరింది. ఆమె మైకు తీసి డాక్టరు చేతిలో కుక్కింది.

"ఇది అన్ని పడవల్లోనూ వినిపిస్తుంది," అన్నాడతను.

"వినాలి. అట్లు తిని మాత్రలు మానేసిన ప్రతివాడూ వినాలి. ఇది ఆయన మనసు కాదు, మందు మానిన దెబ్బని చెప్పు. రక్షణ పడవ ఆయన్ని చేరేదాకా ఆపకుండా మాట్లాడు. ఇప్పుడే."