నలుపు పక్క గడి

ఆ గదిలో రంగు అన్నదే ఉండకూడదని కోడలి పట్టుదల. గోడలకు బూడిదరంగు వేయించింది, కిటికీకి బూడిదరంగు పరదా కట్టింది. పనిలో కూర్చునేటప్పుడు తనూ బూడిదరంగు బట్టలే వేసుకుంటుంది. పసిపిల్లల ఫొటోలు తీసే ఒక స్టూడియోకి బొమ్మల్లో రంగులు సరిచేసి పంపడం ఆమె పని. పక్కన ఎర్ర తువ్వాలు వేలాడినా చాలు, తెర మీద చంటిబిడ్డ బుగ్గ వేరేగా కనిపిస్తుంది. కన్నంత తేలిగ్గా మోసపోయేది ఇంకొకటి లేదు. సరిగ్గా అలాంటి గదిలోకి మామగారు ఆ కంప్యూటర్ తెచ్చి పెట్టారు.

ఆయన ఉద్యోగమంతా లిఫ్టులు బాగుచేయడంలోనే గడిచింది. రిటైరయ్యాక చేతులు కట్టుకుని కూర్చోలేక, వీడియోలు చూసి కంప్యూటర్లు బిగించడం నేర్చుకున్నారు. మొదటిది కోడలికే ఇవ్వాలని ముచ్చటపడ్డారు. పెట్టెకు ఒక పక్క అద్దం. లోపల ఫ్యాన్లు వెలుగుతాయి, మెమరీ స్టిక్కులు వెలుగుతాయి, ఎరుపు తరుముతుంటే పచ్చ పారిపోతూ ఉంటుంది. పని మాత్రం చకచకా అవుతోంది. పాతదాంట్లో ఒక ఫొటో తెరుచుకునేలోపు కాఫీ తాగి గ్లాసు కడుక్కోవచ్చు. అందుకే వద్దనలేక, దీపాలొక్కటీ ఆపమని నెమ్మదిగా అడిగింది.

మామగారు ఏమీ అనుకోలేదు. దీపాలకు వేరే ప్రోగ్రాం ఉందని, అందులో రంగుల గడులు ఉంటాయని, నల్లగడి ఎంచుకుంటే దీపం ఆరినట్టేనని విడమరిచి చెప్పారు. తెరకు మొహం ఆనించినంత దగ్గరగా కూర్చుని ఒక గడి నొక్కారు.

"ఆపేశానమ్మా."

ఆమె పరదా లాగి చూసింది. గోడ నిండా చిక్కటి నీలం.

"ఆగలేదు మామయ్యా. నీలంగా వెలుగుతోంది."

ఆయన వంగి అద్దంలోంచి చూశారు. "ఎక్కడ? అంతా చీకటిగా ఉంటేనూ."

వేళాకోళమనుకుని నవ్వింది. మర్నాడు మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ నొక్కి, మళ్లీ ఆగిందన్నారు. ఆ పై రోజు అడిగితే, నా పని నాకు వదిలెయ్యమని కాస్త గట్టిగానే అన్నారు. చేసిన పనికి వంకలు పెడుతోందని ఆయనకు కినుక. పట్టిన కుందేటికి మూడే కాళ్లంటున్నారని ఆమెకు కడుపుమంట. ఆమె భర్త ఇద్దరి మాటా విని, దీపాలే కదా, చూసీ చూడనట్టు పొమ్మని సలహా పడేసి డ్యూటీకి వెళ్లిపోయాడు.

చూసీ చూడనట్టు పోవడానికి ఆమె బతుకుతెరువే చూపు మీద. ఆ నీలానికి అలవాటుపడ్డ కంటికి తెర మీద బొమ్మలు పసుపు తిరిగినట్టు తోచాయి. ఆ పసుపు తీయబోయి బిడ్డలందరికీ తెలియకుండానే నీలం పూసింది. అచ్చు వేసి చూస్తే ఒక్కో బిడ్డా ఊపిరాడనట్టు ఉంది. ఒక తల్లి తన బిడ్డ ఫొటో చూసి స్టూడియోలోనే ఏడ్చేసిందట. వచ్చే దఫా కూడా ఇలాగే ఉంటే వేరేవాళ్లను చూసుకుంటానని స్టూడియో యజమానురాలు ఫోన్‌లో చెప్పింది. కేకలేసి ఉంటే బాగుండేది, ఆవిడ మెత్తగా చెప్పింది.

ఆ రోజు నుంచి కోడలికి కాలు నిలవలేదు. రెండు ఫొటోలు చేయడం, వంటింట్లోకి వెళ్లి ఎండలో తన అరచెయ్యి చూసుకోవడం, మళ్లీ వచ్చి చేసింది చెరిపెయ్యడం. కాలుగాలిన పిల్లిలా గదికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉంది. తెగించి అద్దం చుట్టూ, గాలి కన్నాల మీదా నల్లటేపు అతికిస్తే కంప్యూటర్ వేడెక్కి ఆగిపోయింది. మామగారు వచ్చి టేపంతా గోటితో గీకి తీశారు. సాయంత్రం భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

కొత్త దఫా ఫొటోలు వచ్చిన ఉదయం మామగారు బూట్లు వేసుకుని బయల్దేరారు. పక్కింటివాళ్ల స్విచ్ బోర్డు చూస్తానని మాటిచ్చారట. ఒక కాలికి నల్ల మేజోడు, రెండో కాలికి ముదురునీలం. ఇంట్లో అది పాత హాస్యమే. నాన్నగారి జోడంటే అదేనని ఆయన కొడుకు ఎప్పుడూ నవ్వుతాడు.

ఆయన మెట్లు దిగగానే కోడలు, ఇంక లాభం లేదని, దీపాల ప్రోగ్రాం తనే తెరిచింది. ఎంచుకున్న గడి చుట్టూ తెల్లగీత ఉంది. అది నల్లగడి కాదు. దాని పక్కనున్న ముదురునీలం గడి. కావాలనే చేశారన్నమాట అని ఒళ్లు మండింది. నల్లగడి మీద ఒక్క నొక్కు నొక్కింది. గోడ బూడిదరంగుకు తిరిగింది. ఇంతేనా అనిపించింది.

కానీ చెయ్యి ఆడలేదు. ఒక నట్టు సగం బిగించి వదిలే మనిషి కాదు ఆయన. సాధించడానికి పని చెడగొట్టే రకం అసలే కాదు. ఆ ముదురునీలం ఎక్కడో చూశాననుకుంది. మేజోడు గుర్తొచ్చింది. ఆ వెంటనే పక్కింటి స్విచ్ బోర్డు గుర్తొచ్చింది. అందులో నల్లతీగా ఉంటుంది, నీలంతీగా ఉంటుంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

ఆయన అప్పటికింకా మరలు విప్పుతున్నారు. కంప్యూటర్ ఆగిపోయిందని అబద్ధమాడి వెనక్కి తీసుకొచ్చింది. తెర మీద నలుపునూ ముదురునీలాన్నీ పక్కపక్కన పెట్టి, ఎన్ని గడులున్నాయని అడిగింది.

"ఎన్నేమిటి? ఒకటే నల్లగడి," అన్నారాయన.

ఆమె ఆయన వేలు పట్టుకుని ఒక గడి మీదా, దాని పక్కదాని మీదా ఆనించింది. దాంతో ఆయనకు తెలిసిపోయింది. కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"రెండున్నాయా?"

"రెండున్నాయి మామయ్యా."

తన చేతుల వంక చూసుకున్నారు. "కంటికి మసక కమ్మిందని తెలుసమ్మా. రంగులు కూడా పోతున్నాయని తెలీదు. చెబితే చేతిలో స్క్రూడ్రైవర్ లాక్కుంటారని చెప్పలేదు. వెలిగేవైతే ఏది ఎక్కడుందో కనబడుతుందనే ఆ ఫ్యాన్లు కొన్నా."

ఇన్నాళ్లూ ఈ మనిషినా మనసులో తిట్టుకున్నానని ఆమెకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

కంటిలో శుక్లం ముదిరిందని డాక్టరు ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. ఈలోగా కోడలు ఫొటోలన్నీ మొదటినుంచీ చేసి పంపింది. బిడ్డలు బిడ్డల్లా ఉన్నారని స్టూడియో నుంచి కబురొచ్చింది. అయినా ఆమెకు స్థిమితం లేదు. ఆ నీలం చూశాక ఆయన ఏమైపోతారో అని భయం. చూపకుండా దాటేద్దామనుకుంది. కట్టు విప్పిన మర్నాడే ఆయన నల్లకళ్లద్దాలతో గదిలోకి వచ్చారు.

"ఆ రోజు నేను ఆపాననుకున్న రంగు పెట్టు."

"ఇప్పుడెందుకు మామయ్యా?"

"పెట్టమ్మా."

పరదా లాగి పెట్టింది. ఆయన కళ్లద్దాలు తీశారు. గోడ వంక, ఆమె బట్టల వంక, తన తెల్లచొక్కా వంక చూసుకున్నారు. కొత్త కన్ను మూసి పాతదానితో చూశారు. పాతది మూసి కొత్తదానితో చూశారు. అలా ఎన్నిసార్లు చేశారో.

"దీంట్లోనా కూర్చుని పనిచేశావు?" అన్నారు చివరికి. "నన్ను సాధిస్తున్నావనుకున్నానమ్మా."

"నేనూ మీరు సాధిస్తున్నారనే అనుకున్నాను."

ఆయన తెర ముందు కూర్చున్నారు. ఈసారి మొహం ఆనించలేదు. ఒక గడి నొక్కి, వెలుగు ఉందో లేదో గోడ వైపు చూడకుండా కోడలి వైపు తిరిగారు.

"ఆగిందా?"

"ఆగింది మామయ్యా."