తోమిన తాయెత్తు

తడి తోళ్లు ఎండలో పరుస్తున్న కుప్పమ్మాళ్‌ని మేస్త్రి సంబందం గేటు దగ్గరికి పిలిచాడు. కొడుకు పోయి రెండు వారాలైనా నిండలేదు, ఆమె వాడు పనిచేసిన తోళ్ల కంపెనీకే కూలికి వస్తోంది. రాకపోతే కోడలికీ మనవరాలికీ పొయ్యి వెలగదు. రోజుకు మూడు వందల యాభై. సున్నం నీళ్లకు వేళ్లు పగిలితే మందు ఖర్చు ఎవరిది వారిదే.

గేటు దగ్గర కాలనీ పెద్ద దొరైకణ్ణు కూడా ఉన్నాడు. వాళ్ల మధ్య ఒక బియ్యం మూట ఉంది.

"నీ కోడలు చేసిన పని ఇన్నావా వదినా?" అన్నాడు దొరైకణ్ణు. "వకీలమ్మ మాట పట్టుకోని తాసిల్దారుకు అర్జీ పెట్టిందంట. నీ కొడుకు వేడియప్పన్‌ని తవ్వి తీసి కోస్తారంట. ఇప్పుడే పోయినారు కాటికి."

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కన్నతల్లివి, నువ్వు అడ్డం పడుకుంటే ఎవుడూ గడ్డపార ఎత్తడు," అన్నాడు మేస్త్రి. "పదహారో దినం కర్మ ఖర్చంతా కంపెనీ ముదలాళిదే. బియ్యం కూడా పంపించినాడు. మా వేడియప్పన్ అట్లాంటి పనిమంతుడు మళ్లీ పుట్టడమ్మా."

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఆ పనిమంతుడు అరగంట ఆలస్యంగా వస్తే అరపూట కూలి కోసింది ఈ పెద్దమనిషే.

పాలారు ఏటి ఇసుకలో పడి ఆమె కాటి వైపు నడిచింది. వెనకాలే వాళ్లిద్దరూ, బియ్యం మూటతో సహా.

కొడుకు పోయిన రోజు కంపెనీ మురుగు తొట్టి పూడుకుపోతే వేడియప్పన్‌ని లోపలికి దింపారు. ముఖానికి గుడ్డ ముక్కైనా ఇవ్వలేదు. పైకి లాగేసరికి ప్రాణం లేదు. వ్యానులో పడుకోబెట్టి ఇదే మేస్త్రి ఆమెను అడిగాడు, "ఆస్పత్రికి పోతే బిడ్డను నిలువునా కోస్తారమ్మా. ఇంటికి పోదామా?" అని. "ఇంటికే పోదాం సామీ," అంది. ఏ తల్లి కోయమంటుంది? ఆ ఒక్క మాటతో పోలీసు లేడు, డాక్టరు లేడు. వేడియప్పన్ తాగి ఇంట్లో పడి గుండె ఆగి పోయాడని మర్నాటికల్లా ఊరంతా చాటారు. కళ్లారా చూసిన కూలీలు నోళ్లు కుట్టుకున్నారు. పాపం, వాళ్లకూ పిల్లలున్నారు.

సమాధి దగ్గర తాసిల్దారు, వకీలు ఆరోగ్యమేరి, గడ్డపారతో కాటికాపరి నిలబడి ఉన్నారు. కోడలు అంజలై పసిబిడ్డను చంకనేసుకుని ఎదురొచ్చింది.

"అత్తా, తిట్టు, కొట్టు, అడ్డం మాత్రం పడొద్దు. రేపు ఈ బిడ్డ మా నాయన ఎట్లా పోయినాడని అడిగితే, తాగి చచ్చినాడని చెప్పమంటావా?"

"నవమాసాలు మోసినది నేను. వాణ్ణి రెండుసార్లు పూడ్చమంటావా?" అంది కుప్పమ్మాళ్.

"తొట్టిలో చచ్చినాడని తేలితేనే కంపెనీ మీద దావా నిలుస్తుందమ్మా," అంది వకీలమ్మ. "నీకూ, అంజలైకీ, ఈ బిడ్డకూ అది హక్కు. ఎవరో వేసే బిచ్చం కాదు. తవ్వకూడదంటే వేరే ఆధారమేదన్నా ఉండాల. ఆ పొద్దు వాడి ఒంటిమీద ఏమున్నాయి?"

కుప్పమ్మాళ్ కొంగుముడి విప్పింది. చిన్న వెండి తాయెత్తు.

"పూడ్చేటప్పుడు మొలతాడు తెంచి ఇచ్చినారు. అప్పుడు బొగ్గు మాదిరి ఉండె."

వకీలమ్మ దాన్ని ఎండకు పట్టింది. తళతళా మెరిసింది.

"తొట్టిలోని విషగాలికే వెండి అట్లా నల్లబడేది. ఇది తెల్లగా ఉండాదే అమ్మా!"

"నేనే తోమినా తల్లీ. చింతపండు, బూడిద పెట్టి తోమినా. వాడి గుర్తుగా బిడ్డకు కడదామని..." అంజలై అత్త భుజం మీద తల ఆనించి బావురుమంది.

"అయిపోయింది కదా! ఇంక ఇంటికి పోండమ్మా," అన్నాడు మేస్త్రి.

కుప్పమ్మాళ్ మట్టిదిబ్బ వైపు చూసింది. కడసారి స్నానం చేయించినప్పుడు కొడుకు నోటి నిండా నల్ల బురద. పుట్టిన రోజున ఉమ్మనీరు తీసినట్టే, వేలికి మెత్తటి గుడ్డ చుట్టి ఆమే తుడిచింది. నా తండ్రి శుభ్రంగా పోవాల, అనుకుంది.

"సంబందం, నీ బియ్యం నువ్వు ఎత్తుకో. నా కొడుకు కర్మకు మా ఇంటి గంజి చాలు."

"వదినా, కాలనీ మాట కాదంటావా?" అన్నాడు దొరైకణ్ణు.

"అవును, కాదంటాండా."

ఆమె తాసిల్దారు వైపు తిరిగింది. "నోరు కడిగినా సామీ, ముక్కు కడిగినా. గొంతులోకి నా వేలు పోలేదు. ఆ బురద ఆడనే ఉంటుంది. తవ్వండి."

కాటికాపరి గడ్డపార ఎత్తాడు. కుప్పమ్మాళ్ సమాధికి దక్షిణం వైపు చతికిలబడి, మూడోనాడు పాలు పోసిన చోట మట్టి మీద అరచెయ్యి పెట్టింది.

"ఈ పక్క మెల్లగా నాయనా," అంది. "తల ఈడ ఉండాది."