నన్ను మోగనివ్వని ఉదయం

నేను ఒక చిన్న విమానంలోని హెచ్చరిక హారన్‌ని. మా విమానం పోయిన రోజున నా గొంతు బాగానే ఉంది.

ఇంజిన్ జోరు తగ్గినా చక్రాలు ఇంకా కడుపులోనే ఉంటే మోగడం నా పని. అంతకుమించి నాకేమీ రాదు. ఏదో దూరదేశపు కార్ఖానాలో నన్ను చేసినవాళ్లు, వినసొంపుగా ఉండకూడదనే కోరి చేశారు. మా మొదటి యజమాని ఒక సిమెంటు వ్యాపారి. నేను మోగినప్పుడల్లా "నీ నోట్ల మన్నువడ!" అని తిట్టి, చక్రాలు దించేవాడు. పదకొండేళ్లు ఆ తిట్లు తిన్నాను. అంత గౌరవం మళ్లీ దక్కలేదు.

తర్వాత మమ్మల్ని ఒక శిక్షణ క్లబ్బు కొంది. అక్కడ కెప్టెన్ భుజంగరావు నేర్పేవారు, వైదేహి నేర్చుకునేది. ఇంకో నాలుగు గంటలు ఎగిరితే ఆమెకు పైలట్ లైసెన్సు.

ఆ ఉదయం బాగా ఎత్తులో, ఇంజిన్ తగ్గించి నెమ్మదిగా ఎగరడం సాధన చేస్తున్నారు. నేను మోగుతూనే ఉన్నాను.

"అబ్బ, ఏం లొల్లి! చెవులు వగులుతున్నయ్," అంటూ కెప్టెన్ చెయ్యి చాపి నా ఫ్యూజు లాగేశారు. ఆ క్లబ్బులో అది రోజూ జరిగేదే.

"మళ్ల దిగేటప్పుడెట్ల సార్?"

"అప్పుడు పెడదాం తియ్. ఇగ నువ్వు నాకు పాఠం చెప్తవా బిడ్డా?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

దిగబోతుంటే, రన్‌వే మీదికి కుక్కలొచ్చాయని కింది నుంచి కబురొచ్చింది. ఒక చుట్టు తిరిగి వచ్చారు. దిగే ముందు చిట్టా చదవాలి. ఒకరు అడిగితే ఒకరు జవాబు చెప్పాలి. "చక్రాలు?" అంది వైదేహి. "మూడు పచ్చ దీపాలు," అన్నారు కెప్టెన్, కుక్కల కోసం కిందికి చూస్తూనే. ముప్పై ఏళ్లుగా చెబుతున్న జవాబు, నోటికి వచ్చేసింది. చక్రాలు దిగితే వెలగాల్సిన ఆ దీపాలేవీ వెలగలేదు. ఆమె గురువు మాట నమ్మింది.

కడుపు నేలకు రాసుకుంటూ పోయాం. ప్రొపెల్లర్ రెక్కలు వంకర్లు పోయాయి. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. విమానం మళ్లీ లేవలేదు.

నివేదికలో కెప్టెన్ రెండు ముక్కలు రాశారు: విద్యార్థిని చక్రాలు దించడం మరిచింది, హారన్ మోగలేదు. రెండోది అబద్ధం కాదు. వైదేహి శిక్షణ ఆపేశారు.

మెకానిక్ ఖాజా నన్ను ఊడదీసి బ్యాటరీకి తగిలించాడు. షెడ్డు అదిరేలా మోగాను.

"ఇది మంచిగనే ఉంది గద సార్. ఫ్యూజే బయటికి గుంజి ఉండె. నేను చూసిన."

"రిపోర్టు వోయింది ఖాజా."

"పోతే పోయె, ఇంకోటి రాయున్రి. ఆ పిల్ల బతుకు సార్ అది."

"రాస్త. రేపు రాస్త."

ఇప్పుడు నన్ను క్లబ్బు తరగతి గదిలో ఒక చెక్కకు బిగించారు. కొత్తగా చేరినవాళ్లకు కెప్టెన్ నన్ను మోగించి వినిపిస్తారు. దీన్ని ఎప్పుడూ నోరు మూయించవద్దని చెబుతారు. మనస్ఫూర్తిగానే చెబుతారు, ఆయన చెడ్డవారని నేను అనలేను. మొన్న ఒకమ్మాయి, "మరి ఆ రోజు ఎందుకు మోగలే సార్?" అని అడిగింది. ఆయన వెనక్కి తిరిగి నల్లబల్ల తుడిచారు. దాని మీద ఏమీ రాసి లేదు.

ఏడు నెలలైంది. వైదేహి మళ్లీ ఎగరలేదు. కెప్టెన్ ఆ రెండో నివేదిక ఇంకా రాయలేదు.