స్థిరరాశి

"నీకు టైమంటే లెక్కే లేదు. లెక్కల టీచరువి ఎలా అయ్యావో!" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆ మాట ఆమెకు కొత్త కాదు. కానీ ఆ రోజు స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ ఆమె పేరు పక్కన మూడో ఎర్రగీత గీసి, "ఇంకొక్కసారి లేటయితే పదో తరగతి వేరేవాళ్లకి ఇచ్చేస్తానమ్మా" అంది. తొమ్మిదేళ్లుగా ఆమె ప్రాణం పెట్టి చెబుతున్న తరగతి అది.

ఖాళీ పీరియడ్‌లో తెల్లకాగితం ముందేసుకుంది. ట్రాఫిక్ రద్దీకీ, నీళ్ల ట్యాంకుకీ గణిత నమూనాలు కట్టమని పిల్లలకు చెబుతుంది కదా, తన ఇంటి పొద్దుటిపూటకు ఎందుకు కట్టకూడదు? ఐదున్నర నుంచి ఎనిమిదింబావు బస్సు దాకా చేసే పనులన్నీ రాసింది. పక్కన నిమిషాలు, దేని తర్వాత ఏదో చెప్పే బాణాలు. ఇరవై మూడు పనులు తేలాయి. ఇన్నున్నాయని ఆమెకే తెలియదు. కుక్కర్ ముందు పెడితే? స్నానం ఐదు నిమిషాల్లో ముగిస్తే? ఆటోకి డబ్బు పోసి స్కూలుకి వేళకు చేరుతూనే, వారం రోజులు గడియారం చూసుకుంటూ అంకెలు సరిదిద్దింది. భలే సరదాగా ఉంది గానీ, ఎటు తిప్పినా జవాబొకటే: గుమ్మం దాటేది ఎనిమిదీ ముప్పై ఐదుకి.

అప్పుడు తట్టింది. వేళలు మార్చింది, వరస మార్చింది. చేసే మనిషిని మాత్రం మార్చలేదు. తనను తానే స్థిరరాశి అనుకుంది! ఏడు పనులు తన మీద నుంచి తీసేసి మళ్లీ కట్టింది. ఈసారి గుమ్మం దాటేది సరిగ్గా ఎనిమిదింటికి.

సాయంత్రం అత్తగారు కళ్లజోడు పెట్టుకుని కాగితం చూసింది. "నా మందులు తీసివ్వడం కూడా రాశావేమే? నేను తీసుకోలేనా? నువ్వు తెచ్చిస్తుంటే ఊరుకున్నాను, అంతే."

భర్త మాత్రం కాగితం పక్కకు నెట్టేశాడు. "ఇల్లేమైనా ఫ్యాక్టరీనా? నీకు పది నిమిషాలు పట్టేది నాకు అరగంట పడుతుంది."

"పట్టొచ్చు. మీ అంకెలు నా దగ్గరెక్కడున్నాయి? అందుకే మీ పనుల పక్కన నిమిషాల గళ్లు ఖాళీగా వదిలాను" అందామె. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుంది.

మర్నాడు ఎనిమిదింటికి ఆమె చెప్పులు వేసుకుంటుంటే వంటింట్లోంచి భర్త కేకేశాడు.

"కుక్కర్‌కి ఇంకెన్ని కూతలు రావాలే?"

"మీరే చూసి రాసిపెట్టండి" అని ఆమె మెట్లు దిగింది.