పిట్టగోడ మీద డిష్

పెంటపాడులో చెరువుగట్టు వీధి మొదట్లో ఉన్న మేడ సూర్యప్రకాశరావుది. తనకి రాని పని లేదని ఆయన నమ్మకం. ఆయన భార్య కాంతం నమ్మకం వేరు. పెళ్లయిన కొత్తలో ఆయన బిగించిన ఊయల, తర్వాత దగ్గరుండి వేయించిన చేతిపంపు, ఆ మధ్య సొంతంగా మార్చిన ఫ్యాను, అన్నీ ఆవిడ కళ్లారా చూసినవే. "మీకు తెలియనిదేముందండీ" అని ఆవిడ అన్నప్పుడల్లా ఆయన మీసం సవరించుకునేవాడు. అందులోని కారం ఆయన నాలుక్కి ఏనాడూ తగల్లేదు.

రెండువేల ఏడు వేసవి చివర్లో ఆయనకి డిష్ పిచ్చి పట్టింది. కేబుల్లో బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తోందిట. పక్కనున్న గూడెం టౌనులో రైసుమిల్లుల వాళ్లంతా ఇంటికో డిష్ పెట్టించేసుకున్నారట. పదెకరాల ఆసామీ అయ్యుండి తాను ఇంకా చుక్కలు చూస్తూ కూర్చోవడం ఏం బావుంటుందని వారం రోజులు ఇంట్లో అదే పాట. చివరికి గూడెం కొట్టు నించి అబ్బులు అనే ఫిట్టరు మోటారుసైకిలు వెనక డిష్ కట్టుకుని దిగాడు.

అబ్బులు ఇల్లంతా ఓసారి చుట్టి వచ్చి, "దక్షిణం వైపు అడ్డం లేకుండా ఉండాలండీ. వంటింటి వెనక గోడకైనా పెట్టొచ్చు, పైన పిట్టగోడకైనా పెట్టొచ్చు. ఎక్కడ కొట్టమంటారు?" అన్నాడు.

"పిట్టగోడకే," అన్నాడు సూర్యప్రకాశరావు. "వంటింటి వెనక పెడితే ఎవడు చూస్తాడు?"

ఎవరో చూడ్డానికా, మనం బొమ్మలు చూసుకోడానికా అని కాంతం నోటిదాకా వచ్చింది. మింగేసింది. అబ్బులు సంచీలోంచి ప్లాస్టిక్ ప్లగ్గులు, మరమేకులు తీసి గచ్చు మీద పరిచాడు. సూర్యప్రకాశరావు వాటిల్లో ఒకదాన్ని కుళ్లిన రొయ్యని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

"ఇవి క్యాలెండరు తగిలించుకోడానికయ్యా. కొల్లేరు మీంచి గాలి లేచిందంటే ఆగుతాయా?"

ముందురోజే గూడెం వెళ్లి తెచ్చిపెట్టుకున్న పొట్లం విప్పాడు. బొటనవేలంత లావు, జానెడు పొడుగు యాంకర్ బోల్టులు. బిగిస్తున్నకొద్దీ లోపల రెక్కలు విచ్చుకుని గోడని పక్కలకి నెట్టి పట్టుకునే రకం. కొట్లో ఉన్నవాటిల్లోకల్లా పెద్దవి ఇవ్వమని అడిగి మరీ తెచ్చానన్నాడు. దేనికి బిగిస్తున్నారని కొట్టువాడు అడిగాడో లేదో, అడిగితే ఈయన విన్నాడో లేదో కాంతానికి తెలియదు. ఊహించడం మాత్రం కష్టం కాలేదు.

"ఏవండీ," అంది మెల్లగా. "ఆ పిట్టగోడ మావగారు మిగిలిపోయిన ఇటుకతో కట్టించింది. సిమెంటు అయిపోతే ఇసకే ఎక్కువ కలిపారు. ఏటా వానల్లో అందులోంచి రావి మొక్కలు నేనే పీకుతున్నాను. వేలు పెడితే రాలుతుంది."

"పైన ప్లాస్టరింగు చేయించాను కదా."

"మొహానికి పౌడరు రాసినట్టుంటుందండీ, అంతే."

"బోల్టు గట్టిదైతే గోడ ఎలాంటిదైతేనేం, కాంతం? పట్టుకునేది బోల్టు."

"మీకు తెలియనిదేముందండీ," అంది కాంతం. ఆయన మీసం సవరించుకున్నాడు.

అబ్బులు ఆయన్ని చూశాడు, ఆవిణ్ణి చూశాడు. ఇంకా మూడిళ్లకి వెళ్లాలి వాడు. డ్రిల్లు పెట్టగానే బెల్లంలోకి దిగినట్టు దిగిపోయింది. కన్నంలోంచి బూడిదరంగు ఇసక ధారగా కారింది. బోల్టు బిగిస్తుంటే ప్లాస్టరింగు మీద వెంట్రుకంత చీలిక పాకింది. వాడు దాని మీద వేలితో ఇంత సిమెంటు ముద్ద మెత్తి, "ఆరితే సెట్టయిపోద్దండీ" అని మోటారుసైకిలెక్కాడు. సూర్యప్రకాశరావు డిష్‌ని పట్టుకుని ఊపి చూసి, వీధిలో పోయేవాళ్లని పిలిచి వాళ్లచేతా ఊపించాడు. అసలే చీలిన గోడకి ఆ సత్కారం కూడా జరిగింది.

ఆ పిట్టగోడ కింద సన్నటి సందు. సందుకి అవతల టీచరు పెర్సిస్ ఇల్లు. పెర్సిస్ అత్తగారు కనకమ్మ పొద్దు వాలేదాకా ఆ సందులోనే, మేడ నీడలో నులకమంచం వేసుకుని పడుకునేది. ముసలామె చెవులు వినపడవు. ఎవరైనా పలకరిస్తే నవ్వి, కీర్తన ఏదో గొణుక్కునేది.

జూన్‌లో ఓ మధ్యాహ్నం గాలి లేచింది. కొల్లేరు వైపు ఆకాశం నల్లబడి, దుమ్ము, ఎండుగడ్డి, ఎవరివో తువ్వాళ్లు అన్నీ కలిసి వీధిలోకి వచ్చి పడ్డాయి. కాంతం వడియాల గుడ్డ తీద్దామని మెట్లెక్కుతుండగా పైన పెద్దగా విరిగిన చప్పుడయింది. ఎక్కి చూస్తే డిష్ లేదు. డిష్ ఉన్న చోట గోడా లేదు.

వంగి సందులోకి చూడాలంటే భయం వేసింది. అయినా చూసింది. నులకమంచం మధ్యకి విరిగి, దాని మీద ఇటుకలు కుప్పగా పడి ఉన్నాయి. ఆ కుప్ప మీద డిష్ బోర్లా పడి ఉంది. కనకమ్మ కనపడలేదు.

కాంతం మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలియదు. సందులోకి వెళ్లేసరికి పెర్సిస్ గుమ్మంలో నిలబడి ఉంది, మొహం పాలిపోయి. వెనక గదిలో కనకమ్మ పీట మీద కూర్చుని గ్లాసులో మజ్జిగ తాగుతోంది. దుమ్ము కళ్లలో పడుతోందని, ఇప్పుడే లోపలికి తీసుకొచ్చానంది పెర్సిస్. కాంతం ముసలామె పక్కన కూలబడి ఆమె చెయ్యి పట్టుకుంది. ఏం జరిగిందో తెలియని కనకమ్మ నవ్వి, మజ్జిగ తాగుతావా అమ్మా అని అడిగింది.

ఈలోగా సూర్యప్రకాశరావు వచ్చాడు. వెనకే వీధిలో సగం మంది. ఆయన మంచాన్ని చూడలేదు. వంగి, ఒకదానికొకటి అతుక్కుని పడి ఉన్న ఇటుకల ముక్కని ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. అందులో బోల్టు చెక్కు చెదరకుండా నిలబడి ఉంది.

"చూశారా," అన్నాడు వచ్చినవాళ్లతో. "గోడ ఊడింది గానీ బోల్టు ఊడలేదు. నేను చెప్పలా?"

గుమ్మంలోంచి పెర్సిస్, "మంచి బోల్టులేనండీ," అంది మెత్తగా. "మా అత్తగారి మీద పడ్డా ఊడేవి కాదండి."

ఆయనకి అప్పటికి మంచం కనపడింది. చేతిలో ఇటుకల ముక్కని కింద పెట్టేశాడు.

కాంతం గుమ్మంలోకి వచ్చింది. ఇన్నేళ్లుగా ఆవిడ ఆయన్ని లోలోపల వెక్కిరించి ఊరుకుంది. అందులో ఓ సుఖం ఉండేది. ఇప్పుడు ఆ సుఖం మీదే ఆవిడకి రోత పుట్టింది. ఆ రోజు గట్టిగా అడ్డం పడి ఉంటే ఆ గోడకి డ్రిల్లు తగిలేది కాదు. ఓ మాట విసిరి, గెలిచినట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది తను.

"ఏవండీ," అంది, అందరికీ వినపడేలా. "ఆ ఇటుకలు మీరే ఎత్తండి. పనివాళ్లని పిలవకండి. ఎత్తాక కనకమ్మగారి ముందుకొచ్చి తప్పయిందని చెప్పండి."

"ఆవిడకి వినపడదు కదే," అన్నాడు సణుగుతూ.

"మాకు వినపడుతుందండీ."

పంచె ఎగ్గట్టుకుని ఎత్తాడు. పెద్దమనిషి అలా వంగి ఇటుకలు మోయడం పెంటపాడు ఎప్పుడూ చూడలేదు. సాయంత్రం కొత్త నులకమంచం కూడా ఆయనే మోసుకొచ్చాడు.

మర్నాడు అబ్బుల్ని పిలిపించింది కాంతమే. వంటింటి వెనక గోడ దగ్గర నిలబెట్టి సుత్తి పిడితో అంగుళం అంగుళం కొట్టించింది. డొల్లగా మోగిన చోటల్లా వద్దంది. మూలకి దగ్గరగా వద్దంది. డ్రిల్లు పెడితే కన్నంలోంచి ఎర్రపొడి రావాలని, ఇసక వస్తే అది ఇటుకల మధ్య అతుకని, ఆపి పక్కకి జరగమని చెప్పింది. ఒకసారి ఇసకే వచ్చింది. అబ్బులు "పర్లేదండీ" అనబోయి, ఆవిడ మొహం చూసి జరిగాడు. మునుపు సూర్యప్రకాశరావు వేళాకోళం చేసిన ప్లాస్టిక్ ప్లగ్గులు ఎర్రటి ఇటుకలో బిగుతుగా దిగాయి. మరమేకులు తిప్పుతుంటే అబ్బులు పళ్లు బిగించాల్సి వచ్చింది. డిష్ బిగించాక కాంతం దానికి వేలాడినంత పని చేసింది. గోడ కిక్కురుమనలేదు.

బొమ్మ బాగా వచ్చింది. ఓ సాయంత్రం మిల్లు నించి వచ్చిన స్నేహితులకి సూర్యప్రకాశరావు వివరిస్తున్నాడు. "పిట్టగోడకి పెడితే గాలికి ఆగదయ్యా. నేనే ఆలోచించి వెనక గోడకి మార్పించాను."

లోపల కాఫీ కలుపుతున్న కాంతం గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని బయటికి వచ్చింది.

"కాదండీ," అంది నవ్వుతూ, వాళ్లకి కాఫీలు అందిస్తూ. "ఈయన ఆలోచించింది సందులో పడిందండీ. ఇది నేను పెట్టించాను."