అరవై నాలుగు కిలోల తేడా

“ఇంగ్లీషుల ఉన్నదమ్మా. జర చూసి పెట్టు, రెండిట్ల ఏది మంచిదో,” అంటూ నా కొడుకు నితిన్ కొన్ని కాగితాలను బెండకాయల పళ్ళెం పక్కన పెట్టి మిల్లుకు వెళ్ళిపోయాడు. ముప్పై నాలుగు సంవత్సరాలు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో గణితం బోధించి, ప్రిన్సిపాలుగా పదవీ విరమణ చేసిన నాకు ఈ ఇంట్లో మిగిలిన హోదా ఇది ఒక్కటే. విద్యుత్ శాఖ నోటీసు, బీమా పత్రం, మందు సీసా మీది హెచ్చరిక, ఇంగ్లీషులో ఉన్నది ఏదైనా కూరగాయల పక్కకు వచ్చి చేరుతుంది. నేను చేయి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చదివి, అర్థం చెబుతాను. విన్నవారు వెళ్ళిపోయాక మళ్ళీ కత్తి పట్టుకుంటాను.

బాన్సువాడలో మాకు ఒక బియ్యం మిల్లు ఉంది. ఇంటి వెనుక ప్రహరీకి ఉన్న చిన్న తలుపు తీస్తే మిల్లు ఆవరణే. కాగితాల మీద ఆ మిల్లు నాది. నాకు ముందు మా అత్తగారు పోసవ్వది. ఆడవారి పేరున ఉంటే మేలని ఎవరో సలహా ఇచ్చారట. నడిపేది మాత్రం మొదటి నుంచీ నా భర్త వెంకట్రాములే. ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ చూపిన చోట వేలిముద్ర వేసింది. నేను విరమణ చేసిన మరుసటి సంవత్సరం ఆమె పోయింది. అప్పటి నుంచి చూపిన చోట నేను సంతకం చేస్తున్నాను. నా భర్త ముందుగానే పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టి తెస్తారు. ఎం.ఎస్సీ. చదివిన నేను ఆ గుర్తు మీద పూర్తి పేరు, పొడి అక్షరాలతో సహా, వంకర లేకుండా రాస్తాను. మా అత్తగారి వేలిముద్రకూ నా సంతకానికీ ఉన్న తేడా ఆ వంకర లేకపోవడమే.

ఈసారి వచ్చిన కాగితాలు సర్వర్ గురించి. కాంటా దగ్గర, గోదాములో, ఆఫీసులో, మహమ్మద్ నగర్‌లోని మరో గోదాములో ఉన్న కంప్యూటర్లన్నింటికీ ఆధారంగా ఒక పెద్ద కంప్యూటరు ఉండాలి. ఇన్నాళ్ళూ ఆ పని ఒక పాత కంప్యూటరు చేసింది. నా కోడలు సంగీత చేసింది అనడం మరింత కచ్చితంగా ఉంటుంది. ఆమె బీటెక్ చదివింది. ధాన్యం వచ్చే రోజుల్లో ఆ పాత పెట్టె ఆగిపోయిందంటే తూకం చీటీలు ఆగిపోతాయి, ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలుస్తాయి. అప్పుడు ప్రహరీ అవతలి నుంచి ఒక కేక వస్తుంది. సంగీత అన్నం కలుపుతున్న చేయి కడుక్కుని పరుగెడుతుంది. తిరిగి వచ్చేసరికి కంచంలో అన్నం ఎండి ఉంటుంది. ఏడు సంవత్సరాలలో ఆమె ఎన్ని కంచాలను అలా వదిలిందో నేను లెక్కపెట్టలేదు. లెక్కలు చెప్పడమే నా వృత్తి అయినా.

ఆ కాగితాలలో రెండు ప్రాసెసర్లు ఉన్నాయి. నేను తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పే మనిషిని కాను. సంగీతను పిలిచి కూర్చోబెట్టాను. ఆమె నా చేతిలోని బెండకాయలు తన ముందుకు లాక్కుని తరుగుతూ చెప్పింది.

“మొదటిది మామూలు కంప్యూటర్లకు పెట్టేది అత్తమ్మ. లోపల లెక్కలు జేసే కోర్లు ఎక్కువ, స్పీడు ఎక్కువ. రెండోది చిన్న సర్వర్ల కోసమే చేసింది. కోర్లు తక్కువనే. గానీ మెమరీల ఏదన్న తప్పు వడితె అదే పట్టుకుంటది, అదే దిద్దుకుంటది. దాని బోర్డు మీద ఇంకో చిన్న చిప్పు గూడ ఉంటది. సర్వర్ ఆగిపోతె యాడికెల్లయినా, ఫోన్ల నుంచైనా మళ్ళ చాలు చెయ్యొచ్చు. ఉరకుడు ఉండదు.”

“మెమరీలో తప్పు పడటమంటే ఏమిటి?”

కత్తి ఒక క్షణం ఆగింది. “ఒక్క అంకె మారుతది అత్తమ్మ. ఎవ్వరం ఏం చెయ్యకపోయినా.”

ఆమె మళ్ళీ తరగసాగింది. నాకు మాత్రం కిందటి యాసంగి పంటకాలం గుర్తుకు వచ్చింది. తండా నుంచి కిషన్‌లాల్ అనే రైతు వచ్చి, తన తూకం చీటీ పట్టుకుని మిల్లు ఆఫీసులో నిలబడిన రోజు. చీటీలో 6,230 కిలోలు. కంప్యూటరులో 6,166.

“నా వడ్లు ఎలుకలు తిన్నయా సార్, మీ కంప్యూటర్ తిన్నదా?” అన్నాడతను. అక్కడున్న వారంతా నవ్వారు. చీటీ చూసి అతని తూకం సరిచేశారు. కాని ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి కదా. ఆ రోజు తూకాలు కంప్యూటరులో కొట్టిన సంగీతను నా భర్త పిలిపించారు.

“కండ్లు యాడ వెట్టుకొని కొడుతున్నవ్ బిడ్డా? సదువుకున్నదానివి గాదా?”

“నేను మంచిగనే కొట్టిన మామయ్య. నాకు యాదికున్నది.”

“ఇగ వాదించకు,” అన్నాడు నితిన్. “సారీ చెప్పు, అయిపోతది.”

హమాలీల ముందు, డ్రైవర్ల ముందు, ఆమె సారీ చెప్పింది. మజ్జిగ తెచ్చి గుమ్మంలో నిలబడిన నేను కూడా ఒక మాట అన్నాను: “అంకెల విషయంలో అశ్రద్ధ తగదు, సంగీతా.” ఏ దోషమూ లేని వాక్యం. అందుకే కాబోలు, ఇంకా నాకు అక్షరం పొల్లు పోకుండా జ్ఞాపకం ఉంది.

కొటేషన్ కాగితం వెనుక తీసివేత చేశాను. 6,230 లోంచి 6,166 పోతే అరవై నాలుగు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. కంప్యూటరు ప్రతి సంఖ్యనూ ఇలా రెట్టింపయ్యే గళ్ళలోనే దాచుకుంటుందని ముప్పై నాలుగు సంవత్సరాలు పిల్లలకు చెప్పినదాన్ని. అరవై నాలుగు గడి ఒక్కటి చెదిరిపోతే వచ్చే తేడా సరిగ్గా అంతే. మనిషి వేలు తడబడితే ఏ సున్నాయో తప్పిపోతుంది, పక్కపక్క అంకెలు తారుమారవుతాయి. 6,230 కొట్టబోయిన చేతికి 6,166 రాదు. ప్రమాణం చేసి చెప్పలేను గాని, ఏ విద్యార్థి ఈ జవాబు రాసినా నేను మార్కులు ఇచ్చి ఉండేదాన్ని.

“ఇది అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అని అడిగాను.

“మీ కొడుకుకు చెప్పిన అత్తమ్మ. మిషన్ తప్పు జేస్తదానే అని నవ్విండు.” బెండకాయ తొడిమలు ఒక పక్కకు జరిపింది. “మీకు గూడ చెప్దామనుకున్న. మీరు అప్పటికే అన్నరు గద.”

ఆ సాయంత్రం నేను ఒక పేజీ నివేదిక రాశాను. రెండు ప్రాసెసర్లకు రెండు నిలువు గళ్ళు గీసి, వేగం, కోర్లు, తప్పులు దిద్దుకునే మెమరీ, దూరం నుంచి నడిపే వీలు, అన్నీ విడివిడిగా చూపి, రెండవదే తగినదని కారణాలతో సహా సూచించాను. మరునాడు ఉదయం వరండాలో నా భర్త దాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చూశారు.

“ఏంది మేడమ్, గింతదానికి పేజీ రాసినవ్? పరీక్ష పేపరా?”

“మొదటిదే తీసుకుంటున్నమమ్మా,” అన్నాడు నితిన్. “స్పీడున్నది.”

“ఆగిపోతే?”

“ఆగితె సంగీత ఉన్నది గద. ఉరికి చాలు చేస్తది.”

“ఇంట్ల మనిషి ఉండంగ మిషన్‌కు గన్ని హంగులెందుకు?” అని నా భర్త కాగితాన్ని మడిచి, దాని మీద టీ గ్లాసు పెట్టారు.

నేను రెండు గళ్ళు గీశాను. వారి లెక్కలో మూడవ గడి ఉంది. అది కరెంటు అడగదు, కొటేషన్ పంపదు, ఎన్నిసార్లు ఆగినా దానంతట అదే లేచి పరుగెడుతుంది. మొదటి ప్రాసెసరు చాలునన్న వారి నిర్ణయమంతా ఆ గడి మీదనే నిలబడి ఉంది. ఇక్కడే నాకు మరొక కాగితం గుర్తుకు వచ్చింది. దాని గురించి రాయడం నాకు కష్టంగా ఉన్నది.

పది రోజుల క్రితం సంగీత ఒక ఉత్తరం ఇంగ్లీషులో రాసి తెచ్చి, దిద్దిపెట్టమని అడిగింది. నిజామాబాదులో ఒక సంస్థ తన నాలుగు శాఖల సర్వర్లు చూసుకునే ఉద్యోగం ఆమెకు ఇచ్చింది. ఇక్కడ కంచం వదిలి చేసే పనినే అక్కడ జీతానికి చేయవచ్చు. ఆ ఉత్తరం, కుటుంబ కారణాల వల్ల చేరలేనని చెప్పే ఉత్తరం. నేను రెండు మాటలు మార్చాను. చివరి వాక్యాన్ని మరింత మర్యాదగా తిప్పి రాశాను. “ఇప్పుడు హుందాగా ఉంది,” అన్నాను. ఎందుకు చేరలేవు అని అడగలేదు.

నా ముప్పై ఆరవ ఏట విశ్వవిద్యాలయంలో పరిశోధనకు రెండేళ్ళ అవకాశం వచ్చినప్పుడు నేనూ అటువంటి ఉత్తరమే రాశాను. “నువ్వు హైదరాబాద్ పోతె మిల్లు ఉత్తరాలెవరు రాస్తరు?” అని ఆయన అడిగారు. నా తిరస్కరణ లేఖలోని ఇంగ్లీషును మా ప్రిన్సిపాలు ఎంతో మెచ్చుకున్నారు. ఆ మెప్పును నేను చాలాకాలం దాచుకున్నాను కూడా.

వంటింట్లోకి వెళ్ళాను. “ఆ ఉత్తరం పంపావా?”

“పంపిన అత్తమ్మ. మీరు మంచిగ దిద్దిచ్చిండ్రు గద, గా పొద్దే పంపిన.”

“జవాబు?”

“వచ్చింది. సరే అన్నరు. ఇంకొకరిని తీసుకున్నరంట.” ఆమె గొంతులో నింద లేదు. నింద ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

మధ్యాహ్నం భోజనాల వేళకు నితిన్ ఆర్డరు ఫారం తెచ్చాడు. అడుగున పెన్సిలు ఇంటూ గుర్తు. మొదటి ప్రాసెసరు ఎదురుగా టిక్కు. దాని కింద మరొక గడి: సర్వరు ఏ వేళ ఆగినా వెంటనే హాజరు కావలసిన బాధ్యుల పేరు. నితిన్ తన చక్కని రాతతో ‘సంగీత’ అని నింపాడు. ఆమె ఎదుటే కూర్చుని ఉంది; ఆమెను అడిగి ఉండడు.

నేను టిక్కు కొట్టివేసి రెండవదాని ఎదుట పెట్టాను. సంగీత పేరు మీద ఒకే గీత, స్కేలుతో గీసినంత తిన్నగా గీశాను. దాని పైన నితిన్ పేరు, ఫోన్ నంబరు రాశాను. అప్పుడు సంతకం చేశాను, పెన్సిలు గుర్తుకు కొంచెం పక్కన.

“ఏంది గిది?” అన్నారు నా భర్త.

“ఆర్డరు.”

“ఎవరడిగిండ్రు నిన్ను?”

“మిల్లు నా పేరున ఉంది. ఫారం నన్నే అడిగింది.”

“మా అవ్వ ఎన్నడన్న గిట్ల చేసిందా?”

“అత్తగారికి చదువు రాదు. నాకు వచ్చి కూడా చేయలేదు.”

ఆయన నా వైపు చూసి, తరువాత కొడుకు వైపు చూశారు. నితిన్ ముఖం మాడ్చుకున్నాడు. “నాకు గవన్ని తెల్వయమ్మా. నేనేం జేస్త?”

“సంగీతకు కూడా పుట్టుకతో తెలియదు. నేర్చుకుంది.”

పోయిన ఉద్యోగం పోయిందే. కొత్త సర్వరు రావడానికి ఇంకా మూడు వారాలు పడుతుందని ఫారంలోనే ఉంది. అంతవరకు పాత పెట్టే దిక్కు. అంతలోనే ప్రహరీ అవతలి నుంచి కేక వచ్చింది: “కాంటా ఆగింది!”

సంగీత చేయి కంచంలోంచి లేచింది. ఆమె మోకాళ్ళు కూడా అప్పుడే లేవబోతున్నాయి. నేను ఆమె భుజం మీద చేయి వేశాను.

“కూర్చో. అన్నం తిను.”

కూర్చుంది. కాని కలిపిన ముద్ద వేళ్ళ మధ్యే ఉండిపోయింది, చెవి ప్రహరీ వైపే ఉంది. రెండవ కేక వచ్చింది. గుమ్మంలో నితిన్ చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినబడేదాకా నేను ఆమె భుజం మీది చేయి తీయలేదు.