వల్లికి సీరు

ఆ సాయంత్రం తిరుత్తణిలో నేను మొదటిసారి ఒంటరిగా హరికథ చెప్పాను. వల్లి పెళ్లి దాకా బాగానే సాగింది. మురుగన్ తాళి కట్టే చోట పద్యం మరిచిపోయాను. హార్మోనియం మీద వనజాక్షి అత్త అదే స్వరాన్ని మళ్లీ మళ్లీ వాయిస్తోంది. జనమంతా నన్నే చూస్తున్నారు.

అంతలో ముందు వరుసలోంచి మునియమ్మవ్వ లేచింది.

"ఉండు పాపా! సీరు పెట్టకుండానే మా బిడ్డకు తాళి కట్టిచ్చేస్తావా?"

ఈ ఊళ్లో వల్లి అందరికీ కూతురే. ఆడవాళ్లు పుట్టింటి సారెగా ముందే సిద్ధం చేసుకున్న పసుపు, పూలు, చీర ఉన్న పళ్లేలు ఒక్కొక్కటిగా తెచ్చి వేదిక మీద పెట్టారు. ఆఖరి పళ్లెం వచ్చేలోగా పద్యం గుర్తొచ్చింది.

"పెండ్లికూతురి కన్నా నువ్వే ఎక్కువ వణికినావు కదే," అంది అత్త మెల్లగా.

నవ్వు ఆపుకుంటూ పద్యం ఎత్తుకున్నాను.